ఇంట్లో కాచుకునే ఏల్ బీరుకు మాల్టునూ హాప్స్‌నూ ఎంచుకునే పద్ధతి

మాల్టును, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, వేడినీటిలో నానబెట్టి తీసిన తీపి ద్రవాన్ని చేదునూ వాసననూ ఇచ్చే హాప్స్ అనే పూలగుత్తులతో మరిగించి, చల్లార్చి, సుమారు 18 నుంచి 22 డిగ్రీల సెల్సియస్ మధ్య ఈస్టుతో పులియబెడితే వచ్చే బీరును ఏల్ అంటారు. నీరు, ఈస్టు, మాల్టు, హాప్స్ అనే నాలుగు సరుకుల్లో కొత్తగా కాచేవారిని ఎక్కువగా తికమక పెట్టేవి చివరి రెండూ. దుకాణంలో పదుల రకాల మాల్టులు, అంతకన్నా ఎక్కువ రకాల హాప్స్ ఉంటాయి. ప్రతి పొట్లం మీదా నోరూరించే వర్ణన ఉంటుంది. ఆ వర్ణనలు చదివి నచ్చినవన్నీ తెచ్చి ఒకే కుండలో వేయడం వల్ల పాడైన బీరు, చెడు ఈస్టు వల్ల పాడైన బీరుకన్నా తక్కువేమీ కాదని నా అనుభవం. రెండు మాల్టులు, రెండు హాప్స్ చాలు. వాటిని ఏ వరుసలో, ఏ లెక్కతో ఎంచుకోవాలో చెప్పడమే ఈ వ్యాసం పని.

ముందుగా చట్టం సంగతి. ఇంట్లో బీరు కాచుకోవడానికి అనుమతి ఉన్న దేశాల్లో నివసించే తెలుగువారి కోసం రాసిన మార్గదర్శి ఇది. అమెరికాలో 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం 1979 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఒకే వయోజనుడు ఉన్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకు మించి ఉన్న ఇంట్లో 200 గ్యాలన్లు పన్ను లేకుండా సొంత వాడకానికి కాచుకోవచ్చు. రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉంటాయి కాబట్టి వాటినీ చూసుకోవాలి. మిసిసిపీ, అలబామా రాష్ట్రాలు 2013లో గానీ దీనికి ఒప్పుకోలేదు. బ్రిటన్‌లో 1963 నుంచి లైసెన్సు అవసరం లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మాత్రం ఎక్సైజ్ లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు తయారుచేయడం నేరం. ‘కాయడం’ అనే మాట వినగానే మనకు సారాబట్టీ గుర్తుకు వస్తుంది గనుక ఇంకొక సంగతి కూడా చెప్పాలి: ఏల్‌లో ఆవిరి పట్టి సారం దించే పని లేదు, పులియబెట్టడంతోనే అది ముగుస్తుంది, ఇంట్లో సారా దించడం అమెరికాలో కూడా ఫెడరల్ నేరమే.

మొదటి అడుగు: గ్లాసులో ఏం కావాలో రాసిపెట్టుకోండి

సరుకు కొనడానికి ముందు రెండు అంకెలు నిర్ణయించుకోవాలి. మొదటిది, పులియక ముందు ద్రవం సాంద్రత. నీటి సాంద్రతను 1.000గా తీసుకుంటే, చక్కెరలు కరిగిన తీపి ద్రవం, అంటే వోర్ట్, 1.042 అనో 1.052 అనో హైడ్రోమీటరు మీద కనిపిస్తుంది. చుక్క తరువాతి 42ను, 52ను పాయింట్లు అంటారు. రెండవది చేదు. దీన్ని ఐబీయూ అనే ప్రమాణంలో కొలుస్తారు. హాప్స్ మరిగినప్పుడు వాటిలోని ఆల్ఫా ఆమ్లం ఐసో ఆల్ఫా ఆమ్లంగా మారి చేదునిస్తుంది; ఒక లీటరు బీరులో అది ఒక మిల్లీగ్రాము ఉంటే దాదాపు ఒక ఐబీయూ అని ఇంటి లెక్కకు అనుకోవచ్చు.

ఈ రెండింటిలో ఏ ఒక్కటీ విడిగా ఏమీ చెప్పదు. 30 ఐబీయూల చేదు 1.040 బీరులో స్పష్టంగా నాలుకకు తగులుతుంది, 1.080 బీరులో తీపి కింద మునిగిపోతుంది. అందువల్ల చేదును పాయింట్లతో భాగించి చూడాలి. ఆ భాగఫలం 0.5 దగ్గర ఉంటే మాల్టు ముందుంటుంది, 0.7 దగ్గర సమంగా ఉంటూ చేదు కొంచెం పైచేయి అవుతుంది, ఒకటికి చేరితే హాప్స్ రాజ్యమే. మొదటి ప్రయత్నానికి ఇంగ్లీషు బిట్టర్ అనే ఏల్ రకం మంచి ఎంపిక: 20 లీటర్లు, 1.042 సాంద్రత, 30 ఐబీయూ, భాగఫలం 0.7. తక్కువ బలం, తక్కువ సరుకు కావడం వల్ల ప్రతి పదార్థం రుచీ విడిగా తెలుస్తుంది. తప్పు చేస్తే అది కూడా విడిగానే తెలుస్తుంది. దీన్నే ఉదాహరణగా తీసుకుని ముందుకు సాగుదాం.

రెండవ అడుగు: మూల మాల్టు

మాల్టు అంటే ఏమిటో తెలుగు ఇళ్లకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు. రాగులను నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలక రాగానే ఆరబెట్టి, దోరగా వేయించి, పిండి పట్టించి పిల్లలకు జావ కాచిపెట్టే పద్ధతే బార్లీకీ వర్తిస్తుంది. మొలకెత్తే గింజ తనలోని పిండిని చక్కెరగా మార్చుకోవడానికి ఎంజైములను తయారు చేసుకుంటుంది. సరిగ్గా ఆ సమయంలో ఎండబెట్టి మొలకను ఆపేస్తే పిండీ ఎంజైములూ రెండూ గింజలో నిలిచిపోతాయి. ఎండబెట్టే వేడి ఎంత తక్కువైతే ఎంజైములు అంత ఎక్కువగా మిగులుతాయి, ఎంత ఎక్కువైతే రంగూ కాల్చిన రొట్టె రుచీ అంత పెరుగుతాయి. ఈ ఒక్క సూత్రం మీదే మాల్టుల లోకమంతా నిలబడి ఉంది.

మీ ధాన్యంలో 85 నుంచి 100 శాతం వరకు మూల మాల్టే ఉండాలి, ఎందుకంటే పిండిని చక్కెరగా మార్చే శక్తి దానిదే. ఇంగ్లీషు తరహా ఏల్‌కు మారిస్ ఓటర్ అనే బార్లీ మాల్టును నేను మొదట సిఫారసు చేస్తాను. 1960ల మధ్యలో కేంబ్రిడ్జ్‌లోని ప్లాంట్ బ్రీడింగ్ ఇన్‌స్టిట్యూట్ విడుదల చేసిన ఈ శీతాకాలపు బార్లీ దిగుబడిలో కొత్త వంగడాలకు సాటి రాక ఒక దశలో కనుమరుగయ్యే స్థితికి చేరింది. అయినా సంప్రదాయ ఏల్ కాచేవారు ఎక్కువ ధర ఇచ్చి దాన్ని నిలబెట్టారు. బిస్కెట్టునూ, పెనం మీద అప్పుడే కాలిన గోధుమ రొట్టెనూ తలపించే నిండు రుచి దానిది. అమెరికాలో టూ-రో పేరుతో అమ్మే లేత మాల్టు ఇంతకన్నా తేలిక, రుచిలో సాదా. హాప్స్ వాసన ముందుండాల్సిన అమెరికన్ పేల్ ఏల్‌కు ఆ సాదాతనమే గుణం. మ్యూనిక్ మాల్టు మరింత ముదురు. తన పిండిని తానే మార్చుకోగలిగినంత ఎంజైము శక్తి మాత్రమే దానికి ఉంటుంది గనుక ఏల్‌లో పదో పరకో శాతం వేసుకోవడం మేలు.

ఎంత కొనాలి? ఒక కిలో మూల మాల్టు నుంచి అందే చక్కెర మొత్తాన్ని పూర్తిగా రాబట్టగలిగితే ఒక లీటరు నీటిలో దాదాపు 300 పాయింట్లు వస్తాయి. ఇంటి సామగ్రితో అందులో 70 శాతం దక్కుతుందని అనుకుంటే 210. మనకు 20 లీటర్లకు 42 పాయింట్ల చొప్పున 840 పాయింట్లు కావాలి. ఇందులో 50 పాయింట్ల వరకు కింద చెప్పబోయే క్రిస్టల్ మాల్టు ఇస్తుంది. మిగిలిన 790ని 210తో భాగిస్తే 3.75 కిలోల మారిస్ ఓటర్ అవుతుంది. ధాన్యం నానబెట్టే సదుపాయం లేనివారు దీనికి బదులుగా 2.2 కిలోల లేత డ్రై మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్, అంటే వోర్ట్‌ను ఆరబెట్టి చేసిన పొడి, వాడి, క్రిస్టల్ మాల్టును మాత్రం గుడ్డసంచిలో కట్టి 65 నుంచి 70 డిగ్రీల నీటిలో అరగంట ఉంచితే సరిపోతుంది.

మాల్టును వేడినీటిలో నానబెట్టే దశను మ్యాష్ అంటారు; దాని వేడి కూడా మాల్టు ఎంపికలో భాగమే. 64 డిగ్రీల దగ్గర నానబెడితే ఈస్టు తినగలిగే చక్కెరలు ఎక్కువగా తయారై బీరు పలచగా, పొడిగా ముగుస్తుంది. 68 దగ్గర ఈస్టు తినలేని డెక్స్‌ట్రిన్లు మిగిలి నోటికి నిండుగా ఉంటుంది. బిట్టర్‌కు 66 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచండి.

మూడవ అడుగు: రంగు మాల్టుల్లో పొదుపు

క్రిస్టల్ మాల్టు తయారీ వేరు. మొలకెత్తిన గింజను ఎండబెట్టకుండా తడిగానే మూసి వేడి చేస్తారు; దాంతో పిండి గింజ లోపలే పాకంగా మారుతుంది. ఆ తరువాత వేయిస్తే పాకం గాజుముక్కలా గట్టిపడుతుంది. గింజను కొరికితే పటుక్కున విరిగి బెల్లం పాకం రుచి రావడానికి కారణం ఇదే. దీనిలో ఎంజైములు మిగలవు, పని చక్కెరకు మార్చడం కాదు, రుచీ రంగూ ఇవ్వడం. రంగు ముదురును తెలిపే లోవిబాండ్ అనే కొలతలో పొట్లం మీద 20, 40, 60, 80, 120 అని అంకెలు ఉంటాయి. 40 దగ్గర తేలికైన తేనెపాకం, 60 దగ్గర టాఫీ, 80 దాటాక ఎండుద్రాక్ష, ఖర్జూరం, మాడిన పంచదార.

ఇక్కడ చేతిని బిగించడం నేర్చుకోవాలి. మొదట్లో నేను 120 అంకె ఉన్న క్రిస్టల్ మాల్టును మొత్తం ధాన్యంలో 15 శాతం దాకా వేశాను. పులిసిన మొదటి వారం బాగానే అనిపించిన ఆ బీరు నెల తిరిగేసరికి మందులా, జిగటగా తయారై ఏ హాప్స్ వాసననూ పైకి రానివ్వలేదు. ఆ బీరు చివరి సీసా వరకు నేర్పిన పాఠం ఇది: క్రిస్టల్ అంకె పెరిగేకొద్దీ శాతం తగ్గాలి. 40 లేదా 60 రకాన్ని 5 నుంచి 8 శాతం వరకు వేయవచ్చు. 120ని మూడు శాతం దాటనివ్వకూడదు. హాప్స్ వాసన కోసమే కాచే ఏల్‌లో క్రిస్టల్‌ను పూర్తిగా మానేసినా లోటు లేదు. మన బిట్టర్‌కు 60 రకం 250 గ్రాములు, అంటే సుమారు ఆరు శాతం.

మాడ్చిన మాల్టులకు పోర్టర్, స్టౌట్ అనే ముదురు రంగు ఏల్‌లు అసలైన చోటు. 1817లో లండన్‌లో డేనియల్ వీలర్ కాఫీ గింజల్ని వేయించే తరహా డ్రమ్ముకు పేటెంటు పొందినప్పటి నుంచి, లేత మాల్టుతో చక్కెర రాబట్టి గుప్పెడు నల్ల మాల్టుతో రంగు తెచ్చే పద్ధతి స్థిరపడింది. చాక్లెట్ మాల్టులో చాక్లెట్ ఉండదు, రంగును బట్టి వచ్చిన పేరది. రుచి మాడిన కాఫీకి దగ్గర. ముదురు గింజలు మ్యాష్‌లో ఆమ్లతను పెంచుతాయి. అందువల్ల డబ్లిన్ లాంటి క్షార నీటికి స్టౌట్ నప్పింది, జిప్సం ఎక్కువున్న బర్టన్-అపాన్-ట్రెంట్ నీటిలో లేత రంగు ఏల్ చేదు స్ఫుటంగా పలికింది.

నాలుగవ అడుగు: కొనబోయే మాల్టును నాలుకతో పరీక్షించండి

దీన్ని చాలామంది వదిలేస్తారు, నేను మాత్రం ఎప్పుడూ వదలను. మొదట నాలుగు గింజలు నమిలి చూడాలి. తాజా మాల్టు కరకరలాడుతుంది, మెత్తగా సాగితే తేమ పట్టినట్టు. తరువాత 50 గ్రాముల మాల్టును మిక్సీలో బరకగా తిప్పి, 65 డిగ్రీల వేడి ఉన్న 450 మిల్లీలీటర్ల నీటిలో కలిపి, మూతపెట్టి పావుగంట ఉంచి, కాఫీ ఫిల్టర్ కాగితంలో వడకట్టండి. క్రిస్టల్ అయితే సగం మూల మాల్టు కలపాలి. నల్ల మాల్టు అయితే ఏడెనిమిది గ్రాములు చాలు, మిగతాది మూల మాల్టే ఉండాలి. ఆ గోరువెచ్చని నీళ్లు తాగి చూస్తే మారిస్ ఓటర్‌కూ టూ-రోకూ ఉన్న తేడా అరగంటలో అర్థమవుతుంది. పులిసిన బీరులో ఇదే తేడా పట్టుకోవడానికి రెండు కాపులు, రెండు నెలలు పడతాయి.

ఐదవ అడుగు: చేదు కోసం హాప్స్

హాప్స్ అంటే హ్యూములస్ లుప్యులస్ అనే తీగకు కాసే ఆడ పూలగుత్తులు. వేసవిలో దీర్ఘమైన పగళ్లు ఉన్న అక్షాంశాల్లోనే తీగ బాగా పూస్తుంది. ఇంగ్లండులో కెంట్, జర్మనీలో హాలర్‌టావ్, అమెరికాలో యాకిమా లోయ దీనికి పేరుపడ్డ చోట్లు. మన దేశంలో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో దీన్ని పండించారు గానీ గోదావరి, కృష్ణా తీరాల పగలు దీనికి చాలదు. గుత్తి రేకుల అడుగున పసుపు పొడిలా ఉండే లుప్యులిన్‌లో రెండు వేరు వేరు సంపదలు ఉంటాయి: ఆల్ఫా ఆమ్లాలు, సుగంధ తైలాలు. ఆమ్లాలకు మరిగే కాలం కావాలి, తైలాలకు మరగడమే శత్రువు. హాప్స్ ఎప్పుడు వేయాలన్న ప్రశ్న మొత్తం ఈ వైరుధ్యం నుంచే పుట్టింది.

పొట్లం మీద ఆల్ఫా శాతం రాసి ఉంటుంది. ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్‌లో అది 5 దగ్గర, మాగ్నమ్‌లో 12 దగ్గర ఉంటుంది. పంటను బట్టి ఏటా మారుతుంది గనుక పుస్తకంలో చూసిన అంకెను కాక పొట్లం మీది అంకెనే లెక్కకు తీసుకోవాలి. గంటసేపు మరిగిస్తే 1.042 వోర్ట్‌లో ఆల్ఫాలో దాదాపు 25 శాతం చేదుగా మారి నిలుస్తుంది. పది నిమిషాలే మరిగిస్తే 9 శాతం. మన బిట్టర్‌లో గోల్డింగ్స్ 40 గ్రాములు గంటసేపు మరుగుతాయి అనుకుందాం. 40 గ్రాముల్లో 5 శాతం అంటే 2,000 మిల్లీగ్రాముల ఆల్ఫా; అందులో 25 శాతం 500 మిల్లీగ్రాములు; 20 లీటర్లకు పంచితే 25 ఐబీయూ. చివరి పది నిమిషాలకు ఇంకో 20 గ్రాములు వేస్తే 4.5 కలిసి మొత్తం 29.5 అవుతుంది, మనం కోరుకున్న 30కి ఇది చాలు.

చేదు కోసమే వేసేటప్పుడు ఎక్కువ ఆల్ఫా ఉన్న రకాన్ని కొద్దిగా వేయడం పొదుపు, కుండ అడుగున ఆకుపదార్థం కూడా తక్కువ మిగులుతుంది. అమెరికన్ ఏల్‌కు మాగ్నమ్‌ను ఎంచుకోవడంలో తప్పు లేదు. ఇంగ్లీషు బిట్టర్‌లో మాత్రం మొదటి నుంచి చివరి వరకు గోల్డింగ్స్‌నే వాడితే వచ్చే మెత్తని చేదు నాకు ఎక్కువ ఇష్టం.

ఆరవ అడుగు: వాసన కోసం హాప్స్

అసలు ఆనందం ఇక్కడే ఉంది. ఇంగ్లీషు రకాల్లో 19వ శతాబ్దం నుంచి పేరున్న ఫగుల్‌లో తొలకరికి తడిసిన నేల, ఎండుగడ్డి, కొంచెం పుదీనా తోస్తాయి. గోల్డింగ్స్‌లో పూలు, తేనె, వాము ఆకును గుర్తుచేసే పచ్చి ఘాటు ఉంటాయి. ఇవి గొంతెత్తి మాట్లాడే రకాలు కావు. మారిస్ ఓటర్ రుచి పక్కన ఒదిగి ఉంటాయి, టూ-రో పక్కన మాత్రం కొంత ఒంటరిగా కనిపిస్తాయి.

అమెరికన్ రకాల కథ కాస్కేడ్‌తో మలుపు తిరిగింది. ఒరెగాన్‌లోని కోర్వాలిస్‌లో 1956లో మొదలైన సంకరం నుంచి పుట్టి 1970ల తొలినాళ్లలో విడుదలైన ఈ రకానికి ఫగుల్ పూర్వీకురాలు. అయినా వాసనలో పోలిక దొరకదు. పంపరపనస తొక్కను గోటితో గిల్లినప్పుడు చిమ్మే నూనె వాసన ఎలా ఉంటుందో కాస్కేడ్ అలా ఉంటుంది. 1980లో సియెర్రా నెవాడా తన పేల్ ఏల్‌ను దీనితోనే కాచి అమెరికన్ ఏల్‌కు ఒక ముఖాన్ని ఇచ్చింది. సెంటెనియల్‌లో నిమ్మ, పూలు. చినూక్‌లో గుగ్గిలం, దేవదారు. సిట్రాలో లిచీ, మామిడి, పచ్చినిమ్మ. సిట్రా, మొజాయిక్ లాంటివి ఎంత బలమైనవంటే పక్కన వేసిన సున్నితమైన రకాన్ని పూర్తిగా కప్పేస్తాయి. కాబట్టి రెండు హాప్స్ కలపాలనుకుంటే ఒకే బలం ఉన్నవాటినే జతచేయండి. నిమ్మజాతి వాసనకు గుగ్గిలం వాసన మంచి తోడు. పండ్ల వాసనలు రెండూ కలిస్తే ఏదీ తేలదు.

ఈ తైలాలను నిలబెట్టడానికి మూడు చోట్లున్నాయి: మరుగు చివరి ఐదు పది నిమిషాలు, మంట ఆపి 80 డిగ్రీలకు దించాక ఇరవై నిమిషాలు, పులియడం పూర్తయ్యాక చల్లని బీరులో మూడు నాలుగు రోజులు. చివరిదాన్ని డ్రై హాపింగ్ అంటారు. అమెరికన్ పేల్ ఏల్‌కు 20 లీటర్లలో 50 గ్రాములు తగిన మోతాదు. బిట్టర్‌కు 15 నుంచి 20 గ్రాములు చాలు.

డ్రై హాపింగ్‌లో ఒక ప్రమాదం ఉంది. హాప్స్‌లో కూడా కొద్దిపాటి ఎంజైములు ఉంటాయి. అవి బీరులో మిగిలిన డెక్స్‌ట్రిన్లను ఈస్టు తినగలిగే చక్కెరలుగా విరగ్గొడతాయి. పులియడం ఆగిందనుకున్న బీరు మళ్లీ పులుస్తుంది. ఈ సంగతిని హొరేస్ బ్రౌన్, హారిస్ మోరిస్ 1893లోనే గమనించారు. హాప్స్ వేసిన రెండో రోజే సీసాల్లో నింపితే లోపల వాయువు పెరిగి సీసాలు పగిలి గాజు ఎగరవచ్చు. హాప్స్ వేశాక వరుసగా మూడు రోజులు హైడ్రోమీటరు ఒకే అంకె చూపిన తరువాతే నింపండి. ఇంట్లో కుక్క ఉంటే వాడిన హాప్స్ పిప్పిని దానికి అందే చోట అసలు పారేయకండి. హాప్స్ తిన్న కుక్కలకు ఒంటి వేడి విపరీతంగా పెరిగి ప్రాణం పోయే ప్రమాదం ఉంది.

ఏడవ అడుగు: కొనడం, దాచడం

హాప్స్ పొట్లం మీద మొదట చూడాల్సింది పేరు కాదు, పంట సంవత్సరం. ఉత్తరార్ధగోళంలో కోత ఆగస్టు చివర, సెప్టెంబరులో. న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల్లో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు. వేసవిలో కొనేవారికి నెల్సన్ సావిన్, గెలాక్సీ లాంటి దక్షిణపు రకాలు ఒక్కోసారి యాకిమా సరుకుకన్నా తాజాగా దొరుకుతాయి. గాలి తీసి మూసిన, వెలుగు సోకని వెండి రేకు పొట్లంలో ఉన్న గుళికలనే, అంటే పొడిచేసి నొక్కిన హాప్స్‌నే, తీసుకోండి. రెండు గుళికలను అరచేతుల మధ్య నలిపి వాసన చూడండి. పాత జున్నులా, చెమట పట్టిన బట్టలా అనిపిస్తే ఎంత చవకైనా వద్దు. మిగిలినవాటిని గాలి పిండి డీప్ ఫ్రీజర్‌లో ఉంచాలి. కొత్త రకాన్ని తెలుసుకోవడానికి 20 లీటర్లు కాచనవసరం లేదు: బాగా చల్లబడిన సాదా లాగర్ బీరు సీసా మూత తీసి, రెండు గుళికలు వేసి, వెంటనే బిగించి, ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంచి, వడకట్టి రుచి చూడండి.

ఎనిమిదవ అడుగు: రెండో కాపు

మొదటి బిట్టర్ బాగా వచ్చిందనుకోండి. ఇప్పుడు మాల్టును ఒక్క గ్రాము కూడా మార్చకుండా, చివరి పది నిమిషాల గోల్డింగ్స్‌నూ డ్రై హాప్‌నూ మాత్రం తీసేసి వాటి చోట ఫగుల్ వేయండి. మూడోసారి అదే చోట కాస్కేడ్. కాస్కేడ్ ఆల్ఫా 6 అయితే 20 గ్రాముల బదులు 17 వేసి చేదును సమం చేయాలి. లేకపోతే వాసనలో తేడాను చూస్తున్నామో చేదులో తేడాను చూస్తున్నామో తెలియదు. మూడు కాపుల నుంచీ రెండేసి సీసాలు దాచి, ఒకే సాయంత్రం, ఒకే రకం గ్లాసుల్లో, ఫ్రిజ్ నుంచి తీసిన పావుగంట తరువాత పక్కపక్కన పోసి చూడండి. నా పరీక్షలో కాస్కేడ్ వేసిన గ్లాసులో మారిస్ ఓటర్ బిస్కెట్టు రుచి సగం వెనక్కి వెళ్లింది, ఫగుల్ వేసిన గ్లాసులో అదే రుచి ముందుకు వచ్చింది. నాలుగో కాపులో కాస్కేడ్‌ను అలాగే ఉంచి మారిస్ ఓటర్ స్థానంలో టూ-రో వేసి, 60 క్రిస్టల్‌ను 40కి దించాను. పంపరపనస వాసన అప్పుడు గ్లాసు నిండా విచ్చుకుంది.